మూడు నెలలకొక కూడిక: ఒంగోలు క్లౌ దొర

ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ల దూరాన, మద్రాసు ట్రంకు రోడ్డు గుండ్లకమ్మను దాటే చోట వెల్లంపల్లి అనే ఊరుంది. 1878 జూలై 3వ తేదీన ఈ ఊరి వద్ద ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంగతి క్రైస్తవ చరిత్ర గ్రంథాలన్నింటికీ ఎక్కింది. అయితే ఆ మర్నాటి సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. అక్షరం ముక్క రానివారు, నల్లరేగడి చేల మధ్య వందలాది పల్లెల్లో చెదిరి ఉన్నవారు, ఊరి పెద్దల ఆగ్రహానికి గురైనవారు అంతమంది ఒక కట్టుగా ఎలా నిలబడగలిగారు? జాన్ ఎవరెట్ క్లౌ జీవితంలో ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇదే.

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ వద్ద ఒక రైతు కుటుంబంలో జన్మించారు. కుర్రవాడుగా ఉండగానే మినెసోటా అడవుల్లో ప్రభుత్వ భూముల సర్వే పనిలో చేరి గొలుసు లాగారు. తర్వాత సర్వేయరు అయ్యారు. ఆ విద్య వేల మైళ్ల అవతల, ఒక కరువు కాలంలో అక్కరకు వస్తుందని అప్పుడెవరూ అనుకొని ఉండరు. అయోవాలో కళాశాల చదువు చదివే రోజుల్లో ఆయన బాప్తిస్టు సంఘంలో చేరారు.

అమెరికన్ బాప్తిస్టులకు తెలుగు దేశంలో అప్పటికి మిగిలిన కేంద్రం నెల్లూరు ఒక్కటే. 1836లో ఆరంభమైన మిషన్ పాతికేళ్లు గడిచినా వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందినే చేర్చుకోగలిగింది. దీన్ని మూసివేద్దామా అని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. ఆ ఊసు వచ్చినప్పుడల్లా అడ్డుపడినవారు నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్. 1854 కొత్త సంవత్సరం రోజు తెల్లవారుజామున భార్యతోను, ముగ్గురు తెలుగు విశ్వాసులతోను ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేసినవారు ఈయనే. ఒంగోలు వాసులు నేటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. అనారోగ్యంతో స్వదేశం వెళ్లిన జ్యూయెట్ తిరిగి వచ్చినప్పుడు క్లౌ దంపతులు ఆయన వెంట బయలుదేరారు. 1865లో నెల్లూరు చేరి, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు. ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోది. 1904లో గుంటూరు జిల్లాలోకి, 1970లో కొత్తగా ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వచ్చింది.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

తోళ్ల వర్తకుడు పేరయ్య

క్లౌ కథ చెప్పేటప్పుడు యర్రగుంట్ల పేరయ్యను ఒక మాటతో సరిపెట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. నిజానికి ఆయన లేనిదే ఈ కథ లేదు. ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ల దూరాన తాళ్లకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులస్థుడు, తోళ్ల వర్తకుడు. క్రైస్తవం చెవిన పడక ముందే యోగమార్గ గురువుల దగ్గర ఉపదేశం పొంది, గంటల తరబడి ధ్యానంలో కూర్చొనే అలవాటున్న మనిషి. తోళ్ల బేరం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు ఏలూరు ప్రాంతపు మిషనరీల బోధ విన్నాడు. ఒంగోలుకు దొర వస్తున్నాడని తెలిసి వెతుక్కుంటూ వచ్చాడు. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు.

పేరయ్యకు చదువు లేదు. కాని తోళ్ల వ్యాపారం వల్ల చుట్టుపట్ల ఏ పల్లెలో ఎవరున్నారో, ఎవరికి ఎవరు వియ్యంకులో ఆయనకు కరతలామలకం. కొత్త మతం ఆ దారుల వెంటనే నడిచింది. మేనమామ నుంచి మేనల్లుడికి, కూతురింటి నుంచి అల్లుడి ఊరికి పాకింది. 1867 జనవరిలో ఆయన పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి గుడారం వేశారు. పల్లెల జనం కొన్నాళ్లకు సరిపడా తిండి మూటలు కట్టుకొని వచ్చి కూర్చున్నారు. ఆ వారాంతాన 28 మంది బాప్తిస్మం పొందారు.

ఒంగోలులో కథ అడ్డం తిరిగింది. అంతవరకు క్లౌ బంగళాకు అగ్రకులాల వారు వస్తూ పోతూ ఉండేవారు. తమ పిల్లలను బడికి పంపేవారు. మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని వారు స్పష్టంగా తెలియజేశారు. పలుకుబడి గలవారు ముందు చేరితే పేదలు వెనుక రాగలరని ఆనాటి మిషనరీలు చాలామంది నమ్మేవారు. క్లౌకు కూడా ఆ ఆశ లేకపోలేదు. ఎటూ తోచక ఆయన ఒక గదిలో బైబిలు తెరిస్తే, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, దేవుడు లోకంలో నీచులైనవారిని ఏర్పరచుకోవడం గురించిన భాగం కంటబడింది. మరో గదిలో భార్య హారియెట్ కూడా విడిగా అదే పుట తెరిచి ఉన్నారు. ఈ ఉదంతాన్ని క్లౌ జీవితమంతా చెప్పుకున్నారు. దీన్ని ఎవరు ఎలా అర్థం చేసుకున్నా, దంపతులిద్దరూ ఆ రోజు మాదిగ పల్లెల వైపు నిలిచారు. పై కులాల పిల్లలు బడి మానేశారు.

మూడు నియమాలు, నూరు చిక్కులు

చేరేవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి ఇవి తేలికే. ఊళ్లో మాత్రం మూడూ మూడు వైపుల తగాదాలకు దారి తీశాయి.

ఆనాటి పల్లె బతుకు అటువంటిది. రైతుకు చెప్పులు, కపిలకు తోలు బాన, కాడికి వార్లు మాదిగ ఇంటి నుంచే రావాలి. అందుకు కళ్లంలో మేర కొలిచి ఇచ్చేవారు. చచ్చిన గొడ్డు కూడా ఆ ఒప్పందంలో భాగమే. గ్రామ దేవత కొలుపులో డప్పు కొట్టడం వారి వంతు. ఆదివారం పనికి రామంటే రైతుకు సేద్యం ఆగుతుంది. డప్పు కొట్టమంటే అమ్మవారికి కోపం వస్తుందని ఊరంతా భయం. దాంతో కొన్నిచోట్ల నీళ్లు బందు చేశారు. అంగట్లో సరుకు అమ్మలేదు. దొంగ కేసులు పెట్టారు. ఆకలి రోజుల్లో చచ్చిన గొడ్డు మాంసం మానుకోవడం ఇంట్లో ఆడవారికి ఎంత కష్టమై ఉంటుందో చెప్పనక్కరలేదు.

క్లౌ స్వయంగా ఊళ్లకు వెళ్లి మునసబు కరణాలతోను, పెద్ద రైతులతోను కూర్చొని మాట్లాడేవారు. ఊరు విడిచి మిషన్ ఆవరణలోకి వచ్చి బతకమని ఆయన తన వారికి చెప్పలేదు. ఎవరి పల్లెలో వారుండాలి, ఎవరి పని వారు చేసుకోవాలి, అక్కడే నిలబడాలి అన్నది ఆయన పద్ధతి. ఆవరణలో నాలుగు వీధులు వేసి అందర్నీ అక్కడ చేర్చి ఉంటే సంఘం ఆ గోడల వరకే ఉండిపోయేది.

పల్లెలో తగవులు తీర్చడానికి పూర్వం నుంచి కుల పెద్దల పంచాయతీ ఉండనే ఉంది. క్లౌ దాన్ని తీసివేయలేదు. క్రైస్తవులైన పెద్దలే ఇప్పుడు సంఘానికీ పెద్దలయ్యారు. కొత్తగా చేరేవాడి నడవడి ఎటువంటిదో, తాగి పెళ్లాన్ని కొట్టినవాడిని ఏం చేయాలో, కొలుపుకు వెళ్లి వచ్చినవాడిని తిరిగి ఎలా చేర్చుకోవాలో వారే తేల్చేవారు. ఒంగోలు దొరకు తెలియని సంగతి పక్క ఇంటివాడికి తెలుస్తుంది కదా!

ఈ పల్లెలన్నింటినీ కలిపి కుట్టిన దారం మూడు నెలలకొకసారి ఒంగోలులో జరిగే కూడిక. బోధకులు నలభై, అరవై మైళ్ల నుంచి కాలినడకన వచ్చేవారు. వానాకాలం రేగడి బురదలో ఆ నడక ఎటువంటిదో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పాలా? మిషన్ ఆవరణలో కొన్ని రోజులు కలిసి ఉండేవారు. ఒక్కొక్కరు లేచి తన పల్లెల సమాచారం చెప్పాలి. ఎందరు చేరారు, ఎందరు జారిపోయారు, ఏ ఊళ్లో నీళ్లు బందు చేశారు, ఎక్కడ బడి నిలిచింది అన్నీ అందరి ముందు చర్చకు వచ్చేవి. పాఠం చెప్పుకొనేవారు. తిరిగి వెళ్లేటప్పుడు ప్రతివాడికీ ఒక సంగతి తెలిసేది: తన పల్లెలో పడుతున్న బాధ తన ఒక్కడిదే కాదని. రామాయపట్నంలో 1872లో వేదాంత పాఠశాల ఏర్పడ్డాక చదువుకున్న బోధకులు రావడం మొదలైంది. అంతకు ముందు వారిలో చాలామందికి ఈ కూడికే బడి.

ధాత కరువు

1876లో వానలు మొహం చాటేశాయి. జనం ధాత కరువు అని చెప్పుకొనే ఆ దుర్భిక్షం 1878 దాకా దక్షిణాదిని పీడించింది. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. క్లౌ తన సర్వే విద్యను నమ్ముకొని ఒంగోలు ప్రాంతంలో మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకున్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. దూరాభారం పల్లెల నుంచి వేలాది మంది వచ్చి గడ్డపార, తట్ట పట్టారు. వేరే పనిచోట్ల మేస్త్రీల దుడుకుతనానికి, కూలి కోతలకు జడిసినవారు ఇక్కడికే వచ్చేవారు. మధ్యాహ్నం విశ్రాంతి వేళ బోధకులు వారి మధ్య కూర్చొని మాట్లాడేవారు. ఆ రోజుల్లో క్లౌ ఎంచుకొన్న వాక్యం ఎక్కువగా ఒక్కటే: మత్తయి సువార్త 11వ అధ్యాయంలో, భారం మోసేవారికి విశ్రాంతి ఇస్తానన్న మాట. తలల మీద మట్టి తట్టలున్న వారికి దాన్ని విడమరిచి చెప్పే పని లేకపోయింది.

ఈ ఘట్టంలోనే క్లౌ తీసుకున్న ఒక నిర్ణయం మెచ్చదగింది. కరువు కాలంలో పదిహేను నెలల పాటు ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగేవారు లేక కాదు, వందలాది మంది అడిగారు. గింజల కోసం చేరినవాడు గింజలు అయిపోగానే పోతాడని ఆయన భయం. పని కూడా చేరినవారికి, చేరనివారికి ఒకే రీతిగా ఇచ్చారు.

1878 జూన్‌లో కరువు పనులు ముగిసే సమయానికి బోధకులను వెల్లంపల్లిలో కలుసుకోవడానికి రమ్మని కబురు పెట్టారు. కొత్తవారిని వెంట తేవద్దని కూడా చెప్పారు. అయినా జనం వెల్లువలా వచ్చారు. ఇవ్వడానికి తన దగ్గర ఇక డబ్బు లేదు, పని లేదు, ఇళ్లకు వెళ్లండని క్లౌ చెప్పి చూశారు. తమకు ధర్మం అక్కరలేదని, కాలువ తవ్వి చేతులు కాయలు కాచేలా కష్టపడే తిన్నామని, చేర్చుకుంటే చాలని వారు బదులిచ్చారు.

అప్పుడు పని మొదలైంది. ఏ పల్లె వారిని ఆ పల్లె బోధకుడే గుర్తుపట్టి, విచారించి, పేర్లు రాయించాలి. జూలై 2న 614, 3న 2,222, 4న 700 మంది చొప్పున మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. ఏటిలో దిగి ఈ కార్యం నడిపినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీళ్లలో ఉంటే తక్కినవారు ఒడ్డున అలుపు తీర్చుకొనేవారు. మొదటి నుంచి పల్లెలు తిరిగిన బోధకుల వ్యవస్థే లేకుంటే ఆ గుంపులో ఎవరు ఎవరో తేల్చడం ఏ దొర తరమూ అయ్యేది కాదు. కరువుకు ముందు మూడు వేల పైచిలుకు ఉన్న సంఘం ఆ ఏడాది ఆఖరుకు పన్నెండు వేలు దాటింది.

అంత వేగం మీద అమెరికాలో అనుమానాలు రేకెత్తాయి. తిండి కోసం చేరిన క్రైస్తవులని విమర్శ వచ్చింది. పదిహేను నెలలు ఆగిన సంగతే క్లౌకు సమాధానమైంది. అయినా లోటు లేదని అనలేము. ఒక్క మిషనరీకి అన్ని వేల మందిని చూసుకోవడం సాధ్యం కాదు. బోధకుడు నెలకోసారి కూడా తొక్కని పల్లెల్లో కొందరు పాత దారి పట్టారు. ఈ ఉద్యమం ముఖ్యంగా మాదిగ బంధువర్గంలోనే సాగినందున, పెరగడానికి సాయపడిన ఆ చుట్టరికమే ఇతర కులాలకు గోడగా కూడా నిలిచింది.

1883లో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల క్షేత్రాలను ఒంగోలు నుంచి వేరు చేశారు. 1890 దశకంలో మరికొన్ని ఏర్పడ్డాయి. క్లౌ అమెరికా వెళ్లి కొత్త మిషనరీలను, నిధులను సమకూర్చి వచ్చారు. ఒంగోలులో ఉన్నత పాఠశాల పెరిగింది. ఆయన పేరిట తర్వాత ఆసుపత్రి వెలసింది. వచ్చిన కొత్తవారిలో చాలామంది పాశ్చాత్య పద్ధతిలో సంఘ నిబంధనలు, కమిటీలు ఏర్పరచాలని చూశారు. పల్లె పెద్దల పాత పద్ధతి సడలిపోవడం వృద్ధాప్యంలో క్లౌను బాధించింది. అది బాప్తిస్టు నియమావళిలో లేదు, తెలుగు పల్లెలో ఉంది.

హారియెట్ 1893లో మరణించారు. మరుసటి ఏడాది ఆయన ఎమ్మా రౌషన్‌బుష్‌ను వివాహమాడారు. మాదిగల గురు సంప్రదాయాలను, పేరయ్య వంటివారి పూర్వకథలను పల్లెల్లో అడిగి తెలుసుకొని 1899లో గ్రంథస్థం చేసిన విదుషి ఈమె. ఆఖరి సంవత్సరాల్లో కాలు విరిగి క్లౌ నడవలేని స్థితికి వచ్చారు. 1910 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు. ఆయన చెప్పిన ఆత్మకథను ఎమ్మా పూర్తి చేసి 1914లో ప్రచురించారు.