పాటల వెనుక పండితుడు - సముద్రాల రాఘవాచార్య

1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమాకు మాట వచ్చినది. అయితే అయిదారేళ్ల వరకు ఆ మాట నాటకశాల నుండి అరువు తెచ్చుకున్నదే. రంగస్థలం మీద పద్యం పాడిన నటుడు తెర మీద కూడ అదే ఫక్కీలో రాగం తీసేవాడు. తెరకు వేరొక భాష, వేరొక పాట అవసరమని గుర్తించిన తొలి రచయితలలో సముద్రాల రాఘవాచార్యులవారు ముఖ్యులు.

వారు 1902 జూలై 19న గుంటూరు మండలం రేపల్లె తాలూకా పెదపులివర్రులో వైష్ణవ కుటుంబంలో జన్మించారు. సంస్కృతాంధ్రాలు రెండింటిలోను గట్టి పునాది పడినది. అటువంటి చదువు చదివినవారికి ఆ రోజులలో బడిపంతులు పనియో, శతకరచనయో గమ్యం. వీరిని మాత్రం పత్రికారంగం మద్రాసుకు లాగినది. గూడవల్లి రామబ్రహ్మంగారి ‘ప్రజామిత్ర’లో పనిచేస్తూ ఉండగా సినిమావారి పరిచయం కలిగినది. 1937లో ‘కనకతార’, మరుసటి సంవత్సరం ‘గృహలక్ష్మి’. ఆ వెనుక బి.ఎన్.రెడ్డిగారు వాహినీ సంస్థను స్థాపించగా ‘వందేమాతరం’, ‘సుమంగళి’, ‘దేవత’, ‘భక్త పోతన’ చిత్రాలకు వరుసగా రచన చేశారు. వితంతు వివాహం వంటి విషయాన్ని సంసారపక్షంగా, ఇంటిలో మాటలాడుకునే తెలుగులో చెప్పడం అప్పటికి కొత్త. పండితుడై ఉండి పాండిత్యాన్ని దాచుకొనడం అంతకంటె కష్టం.

వీరి జీవితంలో చెప్పుకోదగిన ఘట్టం స్వగ్రామంలోనే జరిగినది. విజయనగరంలో సంగీతం నేర్చి, 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లి వచ్చిన ఒక యువకుడు పెదపులివర్రు అల్లుడయ్యాడు. కచేరీలు లేవు, చేతిలో డబ్బు లేదు. ఆ పాట విన్న రాఘవాచార్యులవారు మద్రాసు రమ్మన్నారు. వచ్చిన తరువాత తమ ఇంటిలోనే చోటిచ్చారు. చిన్న ఇల్లు, పెద్ద సంసారం. తనవల్ల వారికి ఇబ్బంది అవుతున్నదని గ్రహించి ఆ యువకుడు కొంతకాలానికి వేరొకచోట తలదాచుకున్నాడు. అయినా రేడియోకు, స్టూడియోలకు పరిచయం చేసే బాధ్యతను రాఘవాచార్యులవారు వదలలేదు. ఆ యువకుడే ఘంటసాల వేంకటేశ్వరరావు. ఒక మహాగాయకుని ముందుగా చెవిబెట్టి విన్నవాడు ఒక పాటల రచయిత కావడం తెలుగువారి అదృష్టం.

పాట రాసి ఊరుకోక, నిర్మాణంలోని కష్టనష్టాలలో కూడ వీరు పాలుపంచుకున్నారు. డి.ఎల్.నారాయణ, వేదాంతం రాఘవయ్య, సంగీతదర్శకుడు సి.ఆర్.సుబ్బరామన్‌లతో కలిసి వినోదా పిక్చర్స్‌లో భాగస్వాములయ్యారు. ‘స్త్రీ సాహసం’ (1951) తరువాత ‘శాంతి’ నిరాశపరచినది. శరత్‌బాబు ‘దేవదాసు’ మొదలై, ఆగి, మళ్లీ సాగినది. ఇంతలో 1952 జూన్‌లో సుబ్బరామన్ ముప్పై ఏళ్లైనా నిండకుండానే కన్నుమూశారు. మిగిలిన సంగీతపు పనిని ఆయన శిష్యులైన విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. 1953లో చిత్రం విడుదలైనప్పుడు, తాగుబోతు నోట వేదాంతం పలికించిన ఆ పాటలు ఊరూరా మారుమోగినవి. చనిపోయిన సంగీతకర్త బాణీ, ఆదుకున్నవాని గొంతు, ఆదరించినవాని మాట - మూడూ అక్కడ కలిసినవి.

ఒక వివాదాన్ని ఇక్కడ దాటిపోవడం న్యాయం కాదు. సముద్రాల పేరున వెలువడిన పాటలలో కొన్ని మల్లాది రామకృష్ణశాస్త్రిగారివన్న మాట సాహిత్యపరులలో బహుకాలంగా ఉన్నది. ‘దేవదాసు’ ప్రసంగం రాగానే అది తప్పక వస్తుంది. మల్లాదివారి తెలుగు ఎంతటిదో చదివినవారికి చెప్పనక్కరలేదు. వారికి చెందవలసిన కీర్తి చెందకపోతే అది అన్యాయమే. కాని పలుకుబడుల పోలికను మాత్రమే పట్టుకొని సముద్రాలవారి ముప్పై ఏళ్ల కృషి అరువు సొమ్మని తేల్చడం మరొక అన్యాయం. మల్లాదివారు సినిమాలలో కలం పట్టకముందే వాహినీ చిత్రాల రచన జరిగి ఉన్నది కదా!

తరువాతి కాలంలో పురాణ చిత్రాలు వీరికి సహజమైన ఆవరణ. వైష్ణవాన్ని ఉగ్గుపాలతో తాగినవారికి ‘విప్రనారాయణ’ (1954) పరాయి కథ కాదు; ఆళ్వారుని పతనంలో కూడ భక్తి చెడకుండా నిలిపారు. ‘భూకైలాస్’ (1958)లో శివభక్తుడైన రావణుని ఆర్తికి మాటలిచ్చారు. ‘నర్తనశాల’ (1963)లో కీచకుని సంభాషణలు ఎస్.వి.రంగారావు నోట ఎంత తేలికగా పలికినవో, వాటి వెనుక భారతం అంత బరువుగా ఉన్నది. ‘వినాయక చవితి’ (1957) వంటి చిత్రాలకు దర్శకత్వం కూడ వహించారు గాని, దర్శకునిగా కంటె రచయితగానే వారు నిలుస్తారు.

1968 మార్చి 16న రాఘవాచార్యులవారు పరమపదించారు. అప్పటికే కుమారుడు రామానుజాచార్యులు కూడ సినీకవిగా పేరు తెచ్చుకొని ఉన్నందున, లోకం తండ్రిని సీనియర్ సముద్రాల అని, కొడుకును జూనియర్ సముద్రాల అని పిలిచినది. పెదపులివర్రు అల్లుడు మరి ఆరేళ్లు, 1974 వరకు, జీవించి పాడుతూనే ఉన్నారు.