భాషను బట్టి కాంగ్రెసు మండలాలు: డాక్టర్ పట్టాభి కృషి

1956 వరకు నేటి చంద్రపూర్ జిల్లా చాందా జిల్లా పేరుతో మధ్యప్రదేశ్ రాష్ట్రంలో ఉండేది. ఆ రాష్ట్రానికి నాగపూర్ రాజధాని. సిరొంచ ప్రాంతపు తెలుగు పల్లెలు కూడా అప్పట్లో చాందా జిల్లాలోనివే. ఆ రోజుల్లో నాగపూర్‌లో గవర్నరుగా ఉన్నవారు ఒక తెలుగు ప్రముఖుడు, డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య. భాషను బట్టి ప్రాంతాలను విభజించాలని జాతీయ కాంగ్రెసులో పట్టుబట్టి సాధించిన నాయకుడాయన. ఆ కథ సరిహద్దు పల్లెల వారు తెలుసుకోదగినది.

పట్టాభి 1880 నవంబరు 24న, నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలనులో పేద కుటుంబంలో జన్మించారు. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి మచిలీపట్నంలో వైద్యవృత్తి చేపట్టారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. కొన్నేళ్లకే వైద్యవృత్తిని విడిచి పూర్తిగా ప్రజాసేవకు అంకితమయ్యారు.

ఆనాటి కాంగ్రెసు నిబంధనలలో ప్రాంతాల హద్దులు ఆంగ్ల ప్రభుత్వ పరిపాలనా హద్దులనే అనుసరించి ఉండేవి. తెలుగు జిల్లాలన్నీ మద్రాసు కమిటీ కిందనే ఉండేవి. దూరాన ఉన్న మద్రాసులో, ఆంగ్లంలో జరిగే సమావేశాలు తెలుగు రైతుకు అందనివి. 1913లో బాపట్లలో ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగినది మొదలు తెలుగువారిలో ప్రత్యేక ఆకాంక్ష బలపడింది. ప్రభుత్వం రాష్ట్రం ఇచ్చేవరకు వేచి ఉండనక్కరలేదనీ, ముందుగా కాంగ్రెసు తన నిబంధనలను తానే సవరించుకోవచ్చుననీ పట్టాభి, కొండా వెంకటప్పయ్య ప్రభృతులు వాదించారు.

1917లో ఈ వాదం కలకత్తా కాంగ్రెసులో తీవ్ర చర్చకు దారితీసింది. అధ్యక్షురాలు అనీబిసెంటు గట్టిగా వ్యతిరేకించారు. రాజ్యాంగ సంస్కరణలు వచ్చేవరకు ఆగవచ్చునని గాంధీజీ సైతం భావించారు. అయితే మహారాష్ట్ర నాయకుడు లోకమాన్య తిలక్ తెలుగువారి కోరికలోని న్యాయాన్ని గ్రహించి మద్దతు పలికారు. చివరకు ప్రత్యేక ఆంధ్ర మండలానికి ఆమోదం లభించింది. 1918 జనవరిలో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు కమిటీ ఏర్పడింది. న్యాపతి సుబ్బారావు అధ్యక్షులుగా, కొండా వెంకటప్పయ్య కార్యదర్శిగా ఎన్నికయ్యారు.

తెలుగువారికి లభించిన ఈ ఏర్పాటు మూడేళ్లలో దేశానికంతటికీ నియమమైంది. 1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెసుకు పద్నాలుగు వేలకు పైగా ప్రతినిధులు వచ్చారు. అంతకు ముందు ప్రతినిధుల సంఖ్యకు పరిమితి లేదు. సమీపంలోని వారు అధికంగా వస్తే వారి మాటే నెగ్గేది. గాంధీజీ ప్రధానంగా రూపొందించిన కొత్త నిబంధనావళి ఈ లోపాన్ని సరిదిద్దింది. 50 వేల జనాభాకు ఒక ప్రతినిధి అని లెక్క ఏర్పడింది. 21 ఏళ్లు నిండి, ఏటా నాలుగణాల రుసుము చెల్లించి, సంస్థ ఆశయాన్ని అంగీకరించిన స్త్రీ పురుషులెవరైనా సభ్యులు కావచ్చు. దేశాన్ని భాషను బట్టి 21 కాంగ్రెసు రాష్ట్రాలుగా విభజించారు. రాష్ట్ర కమిటీలు తమ తమ భాషలలో వ్యవహారాలు నడుపుకోవచ్చు.

అయితే ఎంత జాగ్రత్తగా గీసినా గీతకు ఇరువైపులా కొందరు మిగిలిపోతారు. మధ్యపరగణాలను మరాఠీ, హిందీ భాగాలుగా విడదీసినప్పుడు చాందా జిల్లా నాగపూర్ కేంద్రంగా గల మరాఠీ కాంగ్రెసు రాష్ట్రంలో చేరింది. సిరొంచ వైపు తెలుగువారు ఆ లెక్కలో అల్పసంఖ్యాకులయ్యారు.

పట్టాభి సంస్థల నిర్మాత కూడా. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భంగా 1935లో ఆయన రచించిన కాంగ్రెసు చరిత్ర ప్రసిద్ధం. 1942 ఉద్యమంలో అహమద్‌నగర్ కోటలో సుమారు మూడేళ్లు నిర్బంధంలో గడిపారు. 1939 అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోసుకు 1580 ఓట్లు రాగా ఆయన 1377 ఓట్లతో ఓడిపోయారు. 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి అధ్యక్షులయ్యారు.

ఆయన జీవితంలోని కఠిన పరీక్ష ఆ పదవిలోనే ఎదురైంది. భాషారాష్ట్రాల విషయం పరిశీలించేందుకు నెహ్రూ, పటేల్‌లతో పాటు ఆయన కూడా సభ్యులుగా కమిటీ ఏర్పడింది. దేశ విభజన గాయాలు మానకముందు కొత్త హద్దులు వద్దని 1949లో ఆ కమిటీ అభిప్రాయపడింది. మద్రాసు నగరాన్ని వదులుకుంటే ఆంధ్ర విషయం పరిశీలించవచ్చునని మాత్రం సూచించింది. జీవితమంతా భాషారాష్ట్రం కోరినవాడే వాయిదాకు సంతకం చేశాడని ఎందరో నొచ్చుకున్నారు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ చేసిన తరువాతనే, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. అప్పుడు పట్టాభి నాగపూర్‌లో గవర్నరు పదవిలో ఉన్నారు.

1956 నవంబరు 1న దేశమంతటా హద్దులు మారాయి. చాందా జిల్లా బొంబాయి రాష్ట్రంలో చేరింది. ఆదిలాబాద్ జిల్లాలోని రాజురా తాలూకా కూడా అటు వెళ్లి, 1959లో చాందా జిల్లాలో కలిసింది. పట్టాభి 1957 వరకు గవర్నరుగా ఉండి, 1959 డిసెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశారు.

సామాన్యుడు తన భాషలో మాట్లాడి ఓటు వేయగలిగినప్పుడే సంస్థ ప్రజలదవుతుందని ఆయన కృషి చాటింది. హద్దుకు ఆవల మిగిలిన వారి భాషకు అదే గౌరవం దక్కించడం, ఆయన తరం ముగించకుండా వదిలిన పని.