మైసూరు కొలువులో తెలుగు విమర్శ

ఎలక్ట్రానిక్ సిటీలో మన పిల్లల తెలుగు నోటుబుక్కులు తిరగేస్తే, పద్యం ఏదైనా జవాబు ఒకటే: కవి చక్కగా వర్ణించాడు. గైడులో ఉన్నది అదే, మార్కులు పడేదీ దానికే. ఈ పద్యం నాకు నచ్చలేదు, ఇందుకు నచ్చలేదు అని రాసిన పిల్లవాడు మాకింకా తారసపడలేదు. అలా కారణం చూపి చదవడాన్ని తెలుగులో పట్టుదలగా మొదలుపెట్టిన మనిషి ఈ కన్నడ నేల మీదే ఉద్యోగం చేశారు.

కట్టమంచి రామలింగారెడ్డి 1880లో చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివేటప్పుడే ‘ముసలమ్మ మరణము’ రాశారు. చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన బుక్కరాయసముద్రం కోడలి కథ అది. అనంతపురం నుంచి వచ్చిన మన ఇళ్లలో పెద్దలనడిగి చూడండి, తెలిసినవాళ్లుంటారు. తర్వాత కేంబ్రిడ్జి చదువు, బరోడాలో కొలువు, ఆపైన మైసూరు మహారాజా కాలేజీ.

మైసూరులో ఉండగానే, 1914లో, ‘కవిత్వతత్త్వ విచారము’ వెలువడింది. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ముందు పెట్టుకుని, కథకు పొందిక ఉందా, పాత్రలు మనుషుల్లా నడుచుకుంటున్నాయా, వర్ణన కథకు పనికొస్తోందా అని పరీక్షించారు. సూరన ఆయనకు నచ్చాడు. చాలా ప్రబంధాలను మాత్రం ఉతికి ఆరేశారు. పండితులకు కోపం వచ్చింది, వాదాలు చెలరేగాయి. ఇంగ్లీషు కొలతతో తెలుగు కావ్యాన్ని కొలిచారన్న ఫిర్యాదులో కొంత నిజముందనే మాకూ అనిపిస్తుంది. మాట కూర్పు కోసం ప్రబంధకవులు పడ్డ శ్రమకు ఆయన దగ్గర విలువ తక్కువ. అయితే ఇలా కాదనగలుగుతున్నామంటే, ఆయన తన కొలతలేమిటో దాచకుండా చెప్పబట్టే.

పుస్తకం గ్రాంథికంలో ఉంది, పిల్లల చేతికి ఇమ్మనడం లేదు. టీచర్లు చదివితే చాలు. పైన చెప్పిన మూడు ప్రశ్నలూ ఏడో తరగతి కథకూ సరిపోతాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మూడు భాషలు మోసే పిల్లలకు తెలుగు పీరియడ్‌లోనైనా సొంత అభిప్రాయం చెప్పే చోటు ఉండాలి కదా. జవాబు గైడుతో కలవలేదని సున్నా పెడితే, మర్నాటి నుంచి వాళ్లూ గైడే రాస్తారు.

మైసూరు సంస్థానంలో ఆయన విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్. స్వాతంత్ర్యోద్యమంపై ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో ఆ పదవికి రాజీనామా చేశారు. 1936లో తిరిగి ఎన్నికై 1949 దాకా ఉన్నారు. చివరికి మైసూరు విశ్వవిద్యాలయం ప్రో చాన్సలర్‌గా మళ్లీ ఇటే వచ్చారు. 1951లో కన్నుమూశారు.