మతిమరపును వైద్యుని కంటితో చూసిన ఇబ్నె సీనా

జుహర్ నమాజు ముగించిన అరగంటకే మళ్లీ వుజూ చేసుకుని జానమాజు పరిచే పెద్దలు మన ఇళ్లలో అక్కడక్కడ కనిపిస్తుంటారు. నమాజు అయిపోయింది కదా అబ్బా అని గుర్తుచేస్తే వారికి కోపం వస్తుంది. పిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్లు విసుక్కుంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారూ లేకపోలేదు. ఇలాంటి మరపును దాదాపు వెయ్యేళ్ల క్రితమే మెదడు వ్యాధుల్లో చేర్చి, దాని చోటును, చికిత్సను చర్చించిన ముస్లిం వైద్యుడు ఇబ్నె సీనా. ఆయన బ్రతుకు కూడా చాలావరకు జ్ఞాపకశక్తి ఆధారంగానే సాగింది.

ఆయన అసలు పేరు అబూ అలీ హుసైన్ బిన్ అబ్దుల్లాహ్. క్రీ.శ. 980లో, అంటే హిజ్రీ 370లో, బుఖారా సమీపాన అఫ్షనా గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. తండ్రి సామానీ పాలకుల కొలువులో అధికారి. పదేళ్లు నిండేసరికి బాలుడు దివ్య ఖుర్ఆన్‌ను కంఠస్థం చేశాడు. అరబీ సాహిత్యంలో కూడా చాలా భాగం నోటికి వచ్చేసింది. భారతీయ లెక్కల పద్ధతిని నేర్చుకోవడానికి తండ్రి అతన్ని ఒక కూరగాయల వ్యాపారి వద్దకు పంపాడు. పదహారేళ్లకల్లా ఆయన వైద్యం చదివి రోగులను చూడసాగారు. ఏదైనా సమస్య చిక్కుముడిలా మిగిలిపోతే మస్జిదుకు వెళ్లి నమాజు చేసి, దారి చూపమని అల్లాహ్‌ను వేడుకునేవారట.

ఆయన స్వయంగా చెప్పుకున్న ఒక సంఘటన ఉంది. అరిస్టాటిల్ రాసిన అధిభౌతిక శాస్త్ర గ్రంథాన్ని ఆయన నలభై సార్లు చదివారు. పుస్తకం మొత్తం కంఠస్థమైంది. కానీ అర్థం మాత్రం కాలేదు! ఇక ఇది అర్థమయ్యే గ్రంథం కాదని ఆశ వదులుకున్నారు. ఒకరోజు అసర్ వేళ పుస్తకాల బజారులో ఒక దళారి మూడు దిర్హములకు ఒక పుస్తకం తీసుకొమ్మని వెంటపడ్డాడు. అయిష్టంగానే కొన్నారు. అది ఆ గ్రంథం ఉద్దేశాలను వివరిస్తూ ఫారాబీ రాసిన పుస్తకం. ఇంటికి వెళ్లి చదవగానే నోటికి వచ్చినదంతా ఒక్కసారిగా విడివడింది. ఆ ఆనందంలో మర్నాడే పేదలకు దానం చేశారు. గుర్తుండటం వేరు, అర్థం కావడం వేరు అన్న విషయం ఆయనకు ఈ అనుభవంతో తెలిసివచ్చి ఉంటుందని మేము అనుకుంటున్నాము.

బుఖారా పాలకుడు నూహ్ బిన్ మన్సూర్ జబ్బుపడినప్పుడు వైద్యం చేసినందుకు ఆయనకు రాజ గ్రంథాలయంలో ప్రవేశం దొరికింది. ఒక్కో గదిలో ఒక్కో శాస్త్రం, పెట్టెల నిండా పుస్తకాలు. తర్వాత కొంతకాలానికే ఆ గ్రంథాలయం కాలిపోయింది. అక్కడ చదివింది ఆయన తలలో మాత్రం మిగిలింది. పద్దెనిమిదేళ్లప్పుడు తన జ్ఞాపకం మరింత చురుకుగా ఉండేదని, వయసు పైబడ్డాక జ్ఞానం పండిందే తప్ప కొత్తగా చేరింది పెద్దగా లేదని తర్వాతి కాలంలో ఆయన అన్నారు.

తండ్రి మరణం, సామానీల పతనం ఆయన్ను సొంత ఊరికి దూరం చేశాయి. గుర్‌గంజ్, జుర్జాన్, రయ్, హమదాన్... ఒక్క చోట నిలిచింది లేదు. జుర్జాన్‌లో జూజ్జానీ అనే శిష్యుడు దొరికాడు. గురువు జీవిత విశేషాలు మనకు దక్కింది ఇతని వల్లనే. హమదాన్‌లో ఇబ్నె సీనా వజీరు కూడా అయ్యారు. సైనికులు తిరగబడి ఇల్లు దోచారు. ఆ తర్వాత ఏలిక మరణించడంతో ఒక ఔషధ వ్యాపారి ఇంట్లో తలదాచుకోవలసి వచ్చింది. అక్కడే శిష్యుడు 'షిఫా' గ్రంథం పూర్తి చేయమని ప్రాధేయపడ్డాడు. ఇబ్నె సీనా కాగితాలు, సిరా తెప్పించి, దగ్గర ఒక్క పుస్తకం కూడా లేకుండానే రెండు రోజుల్లో ముఖ్యాంశాలన్నీ రాసి ముందు పెట్టుకున్నారు. ఆ తర్వాత రోజుకు యాభై పత్రాల చొప్పున వివరణ రాస్తూ పోయారు. ఆ వెంటనే ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు బందీగా ఉన్నప్పుడూ ఆయన కలం ఆగలేదు.

ఐదు భాగాల 'అల్ ఖానూన్' అనే వైద్య గ్రంథంలోనూ, ఆత్మను గురించిన రచనల్లోనూ ఆయన జ్ఞాపకం పనితీరును వివరించారు. గ్రీకు వైద్యుల నుండి వచ్చిన ఆలోచనను ఆయన ఇంకా సూక్ష్మంగా విడదీశారు. మెదడులోని గదుల్లో ముందుది చూసిన రూపాలను నిలుపుతుందని, మధ్యది వాటిని కలిపి, విడదీసి ఆలోచిస్తుందని, వెనుకది జ్ఞాపకాన్ని కాపాడుతుందని ఆయన భావన. తోడేలును చూసిన గొర్రె ఉదాహరణ ఆయనదే. తోడేలు ఆకారం కంటికి కనబడుతుంది. అది శత్రువు అన్న భావం కంటికి కనబడదు, లోపల తోస్తుంది. ఆ భావాన్ని దాచి ఉంచేదే జ్ఞాపకశక్తి. దీనికి ఆయన వాడిన 'హాఫిజా' అన్న పదమూ, మన హాఫిజ్ సాహెబుల పేరూ ఒకే ధాతువు నుండి వచ్చాయి. మెదడు వెనుక భాగం చెడితే జ్ఞాపకం చెడుతుందని, ఆలోచన పాడుకావడం వేరే వ్యాధి అని ఆయన వేరు చేసి చెప్పారు.

మరపుకు ఆయన పేర్కొన్న మందుల్లో బలాదుర్ ఒకటి. అది మన నల్లజీడి గింజే. సంస్కృత భల్లాతకమే అరబీలో బలాదుర్ అయింది. మన చాకళ్లు బట్టలకు చెరగని గుర్తు వేసేది దీని రసంతోనే. ఇది మరపుకు పనికివచ్చినా మనసును కలవరపెడుతుందని ఆయన హెచ్చరించారు కూడా. ఈ గింజ పేరుతోనే ప్రసిద్ధుడైన బలాదురీ అనే చరిత్రకారుడు క్రీ.శ. 892లో మరణించాడు. దీన్ని సేవించి ఆయనకు మతి చలించిందని ఒక కథనం. సేవించింది ఆయన కాదు, ఆయన తాత అని మరికొందరు. నల్లజీడి రసం ఒంటికి తగిలితేనే పుండ్లు పడతాయి, కాబట్టి ఎవరూ దీని జోలికి పోవద్దు.

ఆయన చెప్పిన చోటు సరైనది కాదని నేటి వైద్యులకు తెలుసు. మెదడు గదుల్లో ఉండేది ద్రవం మాత్రమే. జ్ఞాపకం నాడీకణాల మధ్య బలపడే సంబంధాల్లో ఉంటుంది. కొత్త సంగతులను పదిలపరచడానికి హిప్పోక్యాంపస్ అనే భాగం ముఖ్యం. అది చెవుల వైపున, మెదడు లోపల చెరొకటి చొప్పున ఉంటుంది. 1953లో అమెరికాలో మూర్ఛ తగ్గించడానికి ఒక యువకుని మెదడులో రెండు వైపులా ఈ భాగాన్ని చాలావరకు తొలగించారు. పాత సంగతులు చాలా గుర్తున్నాయి. కానీ ఆ తర్వాత కలిసిన మనిషి కాసేపటికే మళ్లీ కొత్తవాడయ్యేవాడు. విచిత్రం ఏమిటంటే చేతిపనిని మాత్రం అభ్యాసంతో నేర్చుకోగలిగాడు. ఆలోచన చెడకుండానే జ్ఞాపకం చెడవచ్చన్న ఇబ్నె సీనా మాట ఇక్కడ నిలబడింది.

1906లో జర్మనీ వైద్యుడు అల్జీమర్ వివరించిన వ్యాధి సాధారణంగా ఈ ప్రాంతాన్నే మొదట పట్టుకుంటుంది. అందుకే ఉదయం తిన్నది మరచిన తాతగారు చిన్ననాడు మక్తబులో నేర్చిన యాసీన్ సూరాను తడబడకుండా చదవగలరు. ఆయన నటించడం లేదు, మొండితనమూ కాదు. పైగా మరపు అంతా ఈ వ్యాధి వల్లే రాదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, మనోవ్యాకులత, కొన్ని నిద్రమాత్రలు కూడా కారణం కావచ్చు. వీటికి చికిత్స ఉంది. తాయెత్తు కోసం తిరిగే రోజుల్లో ఆ అవకాశం జారిపోతుంది. మతి పూర్తిగా తప్పినవారిపై నమాజు బాధ్యత లేదని మన ధర్మవేత్తలు చెప్పారు. ఇంట్లోని పెద్దలు ఆ స్థితికి వచ్చారో లేదో వైద్యుణ్ణి, ఆలిమ్‌ను ఇద్దరినీ అడగాలి.

ఇబ్నె సీనా తాత్విక అభిప్రాయాలను ఇమామ్ గజాలీ వంటి పండితులు గట్టిగా ఖండించారు. ఆ చర్చలోకి మేము వెళ్లడం లేదు. ఆయన చివరి ఏళ్లు ఇస్ఫహాన్‌లో అలాఉద్దౌలా కొలువులో గడిచాయి. 1030లో గజ్నవీ సైన్యం ఆ నగరాన్ని దోచినప్పుడు ఆయన రాసిన 'ఇన్సాఫ్' అనే పెద్ద గ్రంథం పోయింది. రోగులకు తాను చేసిన చికిత్సల అనుభవాలను రాసుకున్న కాగితాలు అంతకు ముందే పోయాయి. ఆయన మొదలుపెట్టిన ఒక అరబీ నిఘంటువు చిత్తుప్రతిగానే ఉండిపోయింది. ఆయన పోయాక దాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాలేదు. దాని క్రమం ఆయన తలలోనే ఉండిపోయింది.

కడుపు శూలతో బాధపడుతూనే ఏలిక వెంట హమదాన్‌కు ప్రయాణమయ్యారు. ఒంట్లో సత్తువ ఉడిగిందని గ్రహించి మందులు ఆపేశారు. తౌబా చేసుకుని, ఉన్నది పేదలకు పంచి, బానిసలను విడుదల చేశారు. పదేళ్లకు కంఠస్థం చేసిన ఖుర్ఆన్‌ను ఆ చివరి రోజుల్లో మూడు రోజులకొకసారి ఖతమ్ చేసేవారని చరిత్రకారులు రాశారు. హిజ్రీ 428 రమజాన్ మాసంలో, అంటే 1037లో, ఆయన కన్నుమూశారు. సమాధి హమదాన్‌లోనే ఉంది.