నర్సుల వృత్తికి బాట వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్

ఆసుపత్రిలో రోగికి ఏ మందు ఇవ్వాలో నిర్ణయించేవారు వైద్యులు. ఆ మందును వేళకు ఇచ్చి, జ్వరం చూసి రాసిపెట్టి, రాత్రి తెల్లవార్లూ రోగిని కనిపెట్టుకొని ఉండేవారు నర్సులు. వార్డులోని నర్సులకు ఒక హెడ్ నర్సు, ఆసుపత్రిలోని నర్సులందరికీ ఒక మేట్రన్ లేదా నర్సింగ్ సూపరింటెండెంటు పెద్దగా ఉంటారు. నర్సుల చదువుకు కళాశాలలు, వారి పేర్లు నమోదు చేయడానికి కౌన్సిళ్ళు ఉన్నాయి. రెండువందల ఏళ్ళ కిందట ఇటువంటి ఏర్పాటు లేదు. దీనికి పునాది వేసినవారిలో మొదట చెప్పుకోదగినది ఫ్లారెన్స్ నైటింగేల్. అయితే ఆ పునాదిలో ఒక రాయిని మాత్రం ఆమే పెట్టనివ్వలేదు. ఆ సంగతి కూడా ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో జన్మించింది. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండులోని సంపన్న కుటుంబీకులు. తండ్రి విలియం నైటింగేల్ విద్యావంతుడు. ఆడపిల్లలకు కుట్టుపని, సంగీతం చాలునని అందరూ అనుకొనే కాలంలో ఆయన తన ఇద్దరు కుమార్తెలకు గ్రీకు, లాటిన్ భాషలనూ చరిత్రనూ స్వయంగా బోధించాడు. ఫ్లారెన్సుకు లెక్కలంటే మక్కువ ఎక్కువ. ఆ మక్కువ తరువాతి కాలంలో ఎంత పనికివచ్చిందో ముందు ముందు చూస్తాము.

పదిహేడవ ఏట తనను భగవంతుడు సేవకు పిలిచాడని ఆమెకు తోచింది. ఏ సేవకో తేల్చుకోవడానికి కొన్ని సంవత్సరాలు పట్టింది. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో చేరి నర్సు పని నేర్చుకుంటానని ఇంట్లో అడిగింది. తల్లి, అక్క కన్నీరు పెట్టుకున్నారు. తండ్రి వద్దన్నాడు. వారిని పూర్తిగా తప్పుపట్టలేము. ఆనాటి ఆసుపత్రులు మురికి కూపాలు. అక్కడ పనిచేసే స్త్రీలలో చాలామందికి చదువు లేదు, జీతం స్వల్పం. తాగి పనికి వస్తారన్న అపకీర్తి కూడా వారికి ఉండేది. గౌరవమైన కుటుంబాలవారు తమ పిల్లను అటువంటి చోటికి పంపడానికి ఇష్టపడేవారు కారు.

ఫ్లారెన్సు పట్టు వదలలేదు. తెల్లవారకముందే లేచి ఆసుపత్రుల నివేదికలు తెప్పించుకొని చదివింది. తనకు నచ్చిన వ్యక్తితోనే వచ్చిన పెళ్ళి సంబంధాన్ని సైతం కాదన్నది. చివరకు 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే చోట క్రైస్తవ సేవికలు నడిపే ఆసుపత్రిలో మూడు నెలలు ఉండి పని నేర్చుకున్నది. అప్పటికి ఆమె వయస్సు ముప్పై ఒకటి.

1853లో లండన్ నగరం హార్లే వీధిలో, జబ్బుపడిన స్త్రీల కోసం నడిచే చిన్న ఆసుపత్రికి ఆమె సూపరింటెండెంటు అయింది. జీతం లేదు. తండ్రి ఏడాదికి 500 పౌన్లు ఇచ్చేవాడు. ఆ ఆసుపత్రిపై పెత్తనం రెండు సంఘాలది. ఒకటి స్త్రీలది, మరొకటి పురుషులది. ఏ మతశాఖకు చెందిన రోగినైనా చేర్చుకుంటేనే తాను ఉంటానని ఆమె ముందుగానే షరతు పెట్టి ఒప్పించింది. ప్రతి అంతస్తుకూ గొట్టాల ద్వారా వేడినీళ్ళు రావాలన్నది. భోజనం పైకి చేరవేయడానికి లిఫ్టు కావాలన్నది. రోగి గంట కొడితే ఏ గదిలో కొట్టారో నర్సుకు వెంటనే తెలియాలన్నది. ఇవి చిన్న విషయాలుగా కనబడవచ్చు. కాని నర్సు రోజంతా మెట్లెక్కి దిగుతూ ఉంటే రోగి దగ్గర ఉండేదెప్పుడు? పనిచేసేవారి కాలాన్ని రోగికి మిగల్చడమే ఆమె ఉద్దేశం.

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాలు తుర్కుల పక్షాన రష్యాపై యుద్ధానికి దిగాయి. దీనినే క్రిమియా యుద్ధమంటారు. క్రిమియాలో గాయపడిన, జబ్బుపడిన ఆంగ్ల సైనికులను ఓడలలో నల్లసముద్రం దాటించి స్కుటారిలోని ఆసుపత్రికి తెచ్చేవారు. స్కుటారి నేటి ఇస్తాంబుల్ నగరంలో భాగం. అక్కడి దుస్థితి పత్రికలలో వెలువడగానే ఇంగ్లండు ప్రజలు మండిపడ్డారు. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై ఫ్లారెన్సు 38 మంది నర్సులతో బయలుదేరి నవంబరు 4న స్కుటారి చేరింది.

అది నిజానికి ఆసుపత్రి కాదు, సైనికుల బారకాసు. మైళ్ళకొద్దీ పడకలు, వాటి మధ్య ఎలుకలు, కింద పూడిపోయిన మురుగు కాలువలు. చొక్కాలు లేవు, చీపుళ్ళు లేవు, తాగడానికి మంచినీళ్ళు చాలవు. అక్కడి సైనిక వైద్యులు ఈ స్త్రీల రాకను హర్షించలేదు. తమను తప్పుపట్టడానికే వచ్చారని తలచారు.

ఇక్కడ ఫ్లారెన్సు చేసిన పని జాగ్రత్తగా గమనించదగినది. వైద్యుడు పిలిచేవరకు ఏ నర్సూ వార్డులో అడుగుపెట్టరాదని ఆమె ఆజ్ఞాపించింది. ఎదుట సైనికులు బాధతో మూలుగుతున్నారు. నర్సులు మాత్రం ఒక గదిలో కూర్చొని కట్లు, దిండ్లు కుడుతూ వచ్చారు. కొందరు నర్సులకు ఆమెపై కోపం వచ్చింది. కాని కొద్ది రోజులలోనే కొత్త యుద్ధాల క్షతగాత్రులు ఓడల నిండా వచ్చిపడ్డారు. వైద్యులకు చేతులు చాలలేదు. వారే వచ్చి నర్సులను పిలిచారు. ఆ తరువాత వంటశాల, బట్టల ఉతుకు, నిల్వసామాను ఒక్కొక్కటిగా ఆమె అజమాయిషీలోకి వచ్చాయి. ప్రభుత్వం ఇవ్వని వస్తువులను చందా సొమ్ముతో నగరంలోని అంగళ్ళలో కొనిపించింది.

చికిత్స విషయంలో వైద్యుని మాటే శిరోధార్యం. కాని ఏ నర్సు ఎక్కడ పనిచేయాలి, ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపివేయాలి అన్న విషయాలు మాత్రం నర్సుల పెద్దవే. ఇదీ ఆమె గీసిన గీత. ఈ గీత కోసం ఆమె చాలా పోరాడవలసి వచ్చింది. 1854 డిసెంబరులో తనను అడగకుండానే మరొక నర్సుల బృందాన్ని పంపినప్పుడు మంత్రి స్నేహితుడే అయినా ఆమె తీవ్రంగా ఆక్షేపించింది. ఆమె అధికారం స్కుటారికే పరిమితమని, క్రిమియాలోని ఆసుపత్రులలో చెల్లదని అక్కడి వైద్యాధికారి వాదించాడు. ఆ తగవు ఏడాదికి పైగా సాగింది. చివరకు 1856 మార్చిలో, యుద్ధం ముగిసే వేళకు, సైనికాసుపత్రుల నర్సులందరిపైనా ఆమెదే పర్యవేక్షణ అని ఉత్తర్వు వెలువడింది.

రాత్రిపూట దీపం పట్టుకొని వార్డులలో తిరిగిన దృశ్యమే లోకానికి గుర్తుండిపోయింది. బొమ్మలలో ఆమె చేతికి ప్రమిదవంటి దీపం ఇస్తారు గాని, ఆమె వాడినది మడత పెట్టడానికి వీలైన తుర్కీ లాంతరు. దీపం మాట అలా ఉంచితే, 1855 ఫిబ్రవరిలో స్కుటారిలో చేరిన రోగులలో నూటికి 42 మంది మరణిస్తుండేవారు. గాయాలకన్నా విరేచనాలు, కలరా, విషజ్వరం ఎక్కువమందిని బలిగొన్నాయి. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం మురుగు కాలువలు బాగుచేయించి, గాలి వచ్చే ఏర్పాటు చేయించింది. కొద్ది నెలలలో మరణాలు నూటికి రెండుకు దిగాయి. ప్రేమతో చేసే పరిచర్య ఒక్కటే ప్రాణాలు నిలపలేదని, నీరు, గాలి, శుభ్రత సరిగా లేకుంటే అది వ్యర్థమని ఈ లెక్కలు ఆమెకు నేర్పాయి. ఇంగ్లండుకు తిరిగివచ్చాక ఆ మరణాలను రంగుల చిత్రపటంగా గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. 1858లో గణాంక శాస్త్రజ్ఞుల సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకున్నది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమే.

యుద్ధంలో సోకిన జ్వరం ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. తరువాతి జీవితంలో చాలా భాగం గదిలోనే, మంచంపైనే గడిచింది. అక్కడినుంచే పుస్తకాలు, నివేదికలు, వేలకొద్దీ ఉత్తరాలు వెలువడ్డాయి. 1859లో ప్రచురించిన నర్సింగ్ పుస్తకంలో ఒక అధ్యాయం పూర్తిగా నిర్వహణ గురించే ఉన్నది. తాను ఉన్నప్పుడు చేసే పనులు తాను లేనప్పుడు కూడా జరిగేటట్లు చూడడమే బాధ్యత వహించడమని అందులో వివరించింది. నర్సు భోజనానికి వెళ్ళినప్పుడు రోగికి మందు ఎవరివ్వాలి? రాత్రి నర్సు వచ్చేలోపల ఎవరు చూడాలి? ఇవి ముందుగా తేల్చిపెట్టకపోతే ఎంత మంచి నర్సు ఉన్నా ప్రయోజనం లేదు. నేటి ఆసుపత్రులలో ఒక డ్యూటీ నర్సు మరొకరికి రోగుల వివరాలు చెప్పి, పుస్తకంలో రాసి అప్పగించి వెళ్ళడం మీరు చూసే ఉంటారు.

ప్రజలు ఆమె గౌరవార్థం పోగుచేసిన సుమారు 45,000 పౌన్ల నిధితో 1860లో లండన్ సెంట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణశాల ప్రారంభమయింది. శిక్షణ ఒక సంవత్సరం. విద్యార్థినులకు వసతి, భోజనం, కొంత భత్యం ఉచితం. ప్రతి ఒక్కరి నడవడినీ పనినీ నెలనెలా పట్టికలో గుర్తించేవారు. వారు మేట్రన్ ఆధీనంలో ఉండేవారు. అంతా సక్రమంగా సాగిందని అనుకోరాదు. పాఠాలు చెప్పవలసిన వైద్యుడు చాలాకాలం శ్రద్ధ చూపలేదని 1872 ప్రాంతంలో బయటపడింది. ఫ్లారెన్సు అతని స్థానంలో మరొకరిని నియమింపజేసి, అటుపై విద్యార్థినులను ఒక్కొక్కరినే పిలిపించుకొని మాట్లాడసాగింది. ఇక్కడ తయారైన నర్సులు ఇతర ఆసుపత్రులకు మేట్రన్లుగా వెళ్ళారు. 1865లో ఆగ్నెస్ జోన్స్ లివర్‌పూల్‌లోని నిరుపేదల ఆసుపత్రిని చేపట్టి, మూడేళ్ళకే విషజ్వరం సోకి కన్నుమూసింది. 1868లో లూసీ ఆస్బర్న్ ఐదుగురు నర్సులతో ఆస్ట్రేలియాలోని సిడ్నీకి వెళ్ళింది.

ఫ్లారెన్సు మన దేశానికి ఎన్నడూ రాలేదు. అయినా నలభై ఏళ్ళు మన దేశ విషయాలపై రాసింది. ఇక్కడి ఆంగ్ల సైన్యంలో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని 1863లో వెలువడిన విచారణ సంఘ నివేదిక తేల్చింది. ఆ నివేదిక వెనుక ఆమె శ్రమ ఎంతో ఉన్నది. 1876–78 కరవులో బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు అల్లాడినప్పుడు, రైలు మార్గాలకన్నా కాలువలే ముందు కావాలన్న సర్ ఆర్థర్ కాటన్ వాదాన్ని బలపరచింది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఈయనే. యానాం పిల్లలకు ఆ పేరు కొత్త కాదు.

ఇక మొదట చెప్పిన రాయి సంగతి. 1887లో ఎథెల్ ఫెన్విక్ అనే మాజీ మేట్రన్ నాయకత్వాన నర్సులు సంఘంగా ఏర్పడ్డారు. నిర్ణీత శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గినవారి పేర్లు ఒక పట్టికలో నమోదు కావాలని, పట్టికలో లేనివారు నర్సునని చెప్పుకోరాదని కోరారు. వైద్యులకు అటువంటి పట్టిక 1858 నుంచే ఉన్నది. ఫ్లారెన్సు దీనిని గట్టిగా వ్యతిరేకించింది. ఓర్పు, నిజాయితీ, దయ పరీక్షకు అందవని, ఒకసారి పట్టికకెక్కిన పేరు ఆ తరువాత నర్సు ఎలా పనిచేస్తున్నదో చెప్పలేదని ఆమె అభిప్రాయం. అందులో సత్యం లేకపోలేదు. కాని శిక్షణ లేనివారి చేతులలోపడే రోగిని ఎవరు కాపాడాలి? ఒక్కొక్క ఆసుపత్రి మేట్రన్ ఇష్టంపై ఆధారపడే నర్సుకు ఆ ఆసుపత్రి దాటితే విలువ ఏమిటి? ఈ ప్రశ్నలకు ఆమె దగ్గర సరైన సమాధానం లేదనే చెప్పాలి. పోరు ముప్పై ఏళ్ళు సాగింది. 1919లో బ్రిటన్‌లో నర్సుల నమోదు చట్టం వచ్చింది. అప్పటికి ఫ్లారెన్సు మరణించి తొమ్మిదేళ్ళు. పట్టికలో మొదటి పేరు ఎథెల్ ఫెన్విక్‌ది.

మన దేశంలో శిక్షణ పొందిన నర్సులు 1908లో తమ సంఘాన్ని స్థాపించుకున్నారు. నాటి మద్రాసు రాష్ట్రంలో నర్సులు, మంత్రసానుల నమోదుకు 1926లో చట్టం వచ్చింది. దేశమంతటికీ నర్సింగ్ కౌన్సిల్‌ను ఏర్పరుస్తూ 1947లో మరొక చట్టం చేశారు.

1907లో ఇంగ్లండు రాజు ఫ్లారెన్సుకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు ఇచ్చాడు. ఆ బిరుదు పొందిన మొదటి స్త్రీ ఆమే. అప్పటికే చూపు పోయింది, జ్ఞాపకం సన్నగిల్లింది. 1910 ఆగస్టు 13న తొంభయ్యవ ఏట ఆమె నిద్రలోనే కన్నుమూసింది. రాజులను, మహాకవులను సమాధి చేసిన వెస్ట్‌మినిస్టర్ ఆలయంలో చోటు ఇస్తామని ప్రభుత్వం ముందుకు వచ్చింది. ఆడంబరం వద్దన్నది ఆమె కోరిక కావడంతో బంధువులు అందుకు ఒప్పుకోలేదు. ఈస్ట్ వెల్లో అనే పల్లెలో, తల్లిదండ్రుల పక్కన ఆమెను సమాధి చేశారు. ఆ రాతిపై ఆమె పూర్తి పేరు లేదు. పేరులోని రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ మాత్రం చెక్కి ఉన్నాయి.