పాడుబడ్డ నేలపై పచ్చదనం: సర్ పాట్రిక్ గెడ్డెస్

మన ఢిల్లీ పక్కనే ఉన్న గురుగ్రామ్‌లో ఆరావళి జీవవైవిధ్య ఉద్యానవనం ఉంది. ఒకప్పుడు అది గనులు తవ్వి వదిలేసిన నేల. నగరవాసులు, అధికారులు, బడిపిల్లలు కలిసి మొక్కలు నాటి, దాన్ని మళ్లీ అడవిగా మార్చారు. పాడుబడ్డ స్థలాన్ని ఆ ఊరివాళ్లే బాగుచేసుకోవాలన్న ఈ ఆలోచనను వందేళ్ల కిందటే మన దేశంలో ఆచరించి చూపిన మహనీయుడు సర్ పాట్రిక్ గెడ్డెస్.

ఆయన 1854 అక్టోబరు 2న స్కాట్లండ్‌లో జన్మించారు. చిన్నతనంలో తండ్రితో కలిసి తోటపని చేసేవారు. పెద్దయ్యాక జీవశాస్త్రం చదివారు. 1879లో మెక్సికోలో పరిశోధన చేస్తుండగా కొంతకాలం చూపు పోయింది. తిరిగి వచ్చినా, సూక్ష్మదర్శినితో ఎక్కువసేపు పనిచేసే శక్తి కళ్లకు లేకపోయింది. ఆయన నిరాశపడలేదు. మొక్కల నుంచి మనుషుల మీదికి, వాళ్లు బతికే ఊళ్ల మీదికి దృష్టి మళ్లించారు.

1887లో భార్య ఆనాతో కలిసి ఎడిన్‌బరో నగరంలోని ఒక మురికివాడకు కాపురం మార్చారు. ముందు తామే చీపురు పట్టారు, గోడలకు సున్నం వేశారు, కిటికీల్లో పూలమొక్కలు పెట్టారు. అది చూసి ఇరుగుపొరుగు కూడా కదిలారు. తరువాత ఆ పాతబస్తీలో ఖాళీగా పడి ఉన్న స్థలాలను లెక్కిస్తే సుమారు 75 తేలాయి, మొత్తం 10 ఎకరాలు! వాటిలో కొన్ని తోటలయ్యాయి. వాటిని తీర్చిదిద్దింది ఆయన కుమార్తె నోరా. నీళ్లు పోసి పెంచింది ఆ వాడ పిల్లలు.

1914లో మద్రాసు గవర్నరు ఆహ్వానంపై ఆయన భారతదేశం వచ్చారు. నగరాల గురించి ఆయన కూర్చిన ప్రదర్శన సామగ్రిని తెస్తున్న ఓడను దారిలో ఎండెన్ యుద్ధనౌక ముంచేసింది. మిత్రుల సాయంతో మళ్లీ కూడబెట్టి, 1915లో మద్రాసులో ప్రదర్శించారు. వెడల్పు రోడ్ల కోసం పేదల ఇళ్లు కూల్చడం ఆయనకు నచ్చేది కాదు. తప్పనిసరి అయినంతే తీసేసి, మిగతావి బాగుచేసి, దొరికిన ఖాళీలో చెట్లు నాటాలనేవారు.

1917లో పెద్ద కుమారుడు యుద్ధంలో మరణించాడు. కొద్ది నెలల్లోనే భార్య కూడా కన్నుమూశారు. అయినా ఆయన పని ఆపలేదు.

ఇండోర్‌లో ప్లేగు భయం ఉన్న రోజులవి. వీధులు కొలుస్తూ తిరిగే ఈ దొరను చూసి జనం జడిసేవారు. అప్పుడాయన ఒక ఉపాయం ఆలోచించారు. దీపావళి ఊరేగింపు ఏ వీధులు బాగా శుభ్రమైతే ఆ వీధుల గుండా వెళ్తుందని చాటించారు. ఇక చూడాలి, వీధివీధికీ పోటీ! ఊరేగింపులో పారిశుధ్య కార్మికులకు పూలమాలలు వేసి గౌరవించారు. ప్లేగుకు గుర్తుగా చేసిన పెద్ద ఎలుక బొమ్మను తగలబెట్టారు. జనం భయం నమ్మకంగా మారింది.

1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1932 ఏప్రిల్ 17న ఫ్రాన్స్‌లో మరణించారు.

మిత్రులారా! మన కాలనీలో చెత్త పేరుకున్న ఖాళీ స్థలం ఒకటైనా ఉండే ఉంటుంది. ఎవరో వచ్చి బాగుచేస్తారని ఎదురుచూడకుండా, పెద్దల అనుమతితో మనమే ఒక మొక్కతో మొదలుపెడదాం. గెడ్డెస్ కూడా ఒక కిటికీలోని పూలమొక్కతోనే మొదలుపెట్టారు.