ఫాస్ఫరస్‌ను నీలిరంగులో కొలిచిన యల్లాప్రగడ సుబ్బారావు

పిల్లలూ, ఒక కోడి ఎముకను శుభ్రంగా కడిగి నాలుగైదు రోజులు వెనిగర్‌లో నానబెట్టి చూడండి. గట్టి ఎముక కాస్తా రబ్బరులా వంగుతుంది. ఎముకకు గట్టిదనం ఇచ్చే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం వెనిగర్‌లో కరిగిపోయి, మెత్తటి కొల్లాజెన్ మిగులుతుంది. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఆ ఖనిజమే.

ఈ కిటుకునే నేటి శాస్త్రవేత్తలు హైడ్రోజెల్ మీద ప్రయోగిస్తున్నారు. హైడ్రోజెల్ అంటే నీటిని పట్టి ఉంచుకునే, జున్నులాంటి పదార్థం. శరీరానికి బాగా సరిపడుతుంది కానీ తేలిగ్గా చిరిగిపోతుంది. అందుకని కాల్షియం, ఫాస్ఫేట్ లవణాల ద్రావణాన్ని మూసిన పాత్రలో వేడిచేసి సన్నటి ఖనిజపు పోగులను పెంచుతారు. ఒక్కో పోగు మందం వెంట్రుకలో సుమారు వెయ్యో వంతు. గోడ మట్టిలో వరిగడ్డి కలిపినట్టు వాటిని జెల్‌లో కలుపుతారు. దెబ్బతిన్న ఎముకను, అరిగిన మృదులాస్థిని బాగుచేయాలన్నది వారి ఆశయం.

ఇలాంటి పదార్థంలో ఫాస్ఫేట్ ఎంత ఉందో తెలియాలి కదా! దాన్ని కొలిచే పద్ధతుల్లో ఒకదానికి మన తెలుగువాడి పేరుంది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళితే ఆచార్యునికి కోపం వచ్చింది. చివరికి చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. ఆ రోజుల్లోనే ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. దానికి మందు లేదన్న బాధ ఆయనను వదల్లేదు.

తర్వాత భార్య శేషగిరి గారిని ఇంటి దగ్గర విడిచి అమెరికాలోని బోస్టన్ చేరారు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి రూపొందించి 1925లో ప్రచురించారు. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణంలో ఆమ్లం, మాలిబ్డేట్ కలిపి తగిన మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన.

బచేలిలో ఉన్న మనకు ఫాస్ఫరస్ కొత్త కాదు. ఇనుప ఖనిజం నాణ్యత చూసేటప్పుడు దీన్నీ కొలుస్తారు. ఇది ఎక్కువైతే ఉక్కు పెళుసవుతుంది. ఎముకలోనేమో ఇదే ఫాస్ఫరస్ కాల్షియంతో కలిసి బలాన్నిస్తుంది. ఎక్కడ ఎంత ఉందో సరిగ్గా కొలవడం అందుకే అంత ముఖ్యం.

కండరాల రసాన్ని ఇలా పరీక్షిస్తున్నప్పుడు నీలిరంగు ఒక్కసారిగా రాకుండా మెల్లమెల్లగా చిక్కబడటం వారు గమనించారు. లెక్క తప్పిందని పక్కన పెట్టేయలేదు. కారణం వెతికారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్ బయటపడింది. అది 1927. రెండేళ్లకు ఏ.టి.పి.ని కూడా కనుగొన్నారు. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా గుర్తించారు. మన ప్రతి కదలికకూ శక్తినిచ్చేది ఆ ఏ.టి.పి.యే.

ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారి పరిశోధనలు నడిపించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూకు అదే మందయింది. బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. బోస్టన్ వెళ్లాక మళ్లీ మన దేశం చూడలేదు. శేషగిరి గారి ఎదురుచూపు అలాగే మిగిలిపోయింది. ఆయన శతజయంతి ఏడాది 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

బోదకాలు నివారణకు మన దేశంలో ఊరూరా పంచే డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే. ఈసారి ఆ మాత్ర మీ చేతికి వస్తే, ఇల్లు చేరలేకపోయిన ఆ భీమవరం అబ్బాయిని ఒక్క క్షణం తలచుకోండి.